బెత్తెడు వెనక్కి

మార్చి 2

నట్టమ్మకి,

నీ ఉత్తరం మొన్న అందింది. జవాబుకి రెండు రోజులు పట్టింది. పని ఎక్కువై కాదు. కాగితం ముందు కూర్చుంటే ఏం రాయాలో నాకు తోచదు. ఫోనులో అయితే నా వంతే రాదు. ఫోను మీ అమ్మ చేతిలో పెడితే నా మాటలూ తన మాటలూ కలిపి తనే మాట్లాడేస్తుంది. అందుకే ఉత్తరాలే రాయమన్నాను.

నువ్వు వెళ్ళి మూడు వారాలు. ఈ మూడు వారాల్లో నేను చూసిన లిఫ్టులు ఇరవై రెండు. అన్నీ చిట్టాలో రాశాను. బట్టల కొట్టు లిఫ్టు తలుపు మళ్ళీ మొండికేసింది. కింది గాడిలో చొక్కా గుండీలు పడి ఉన్నాయి, ఏడు. కొట్టు ఆయనకి ఇస్తే, లిఫ్టు పాడైన సంగతి వదిలేసి, గుండీల రంగు చూసి ఏ చొక్కావో వెతకడం మొదలుపెట్టాడు.

లిఫ్టు పని శిక్షణకి నీ దరఖాస్తు మీద సంతకం పెట్టడానికి నేను పదకొండు రోజులు తీసుకున్నాను. నువ్వు ఆడపిల్లవనో, ఈ పని చేయలేవనో అనుకుని ఉంటావు. అది కాదు. ఇంకేమిటని అడిగితే ఇప్పుడు రాయలేను.

ఒక్క మాట. నాకు ఈ పని ఎవరూ నేర్పలేదు. పక్కవాడు చేస్తుంటే చూసి, చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను. నీకు పుస్తకాలున్నాయి, చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళు చెప్పినట్టు చెయ్యి. నా దగ్గర చూసినవి అక్కడ పనికిరావు.

మీ అమ్మ నీ గదిలో కిటికీ ఉందా అని అడుగుతోంది. జోళ్ళు కరుస్తున్నాయా అని కూడా.

ఉంటాను.
నాన్న

*

మార్చి 11

నాన్నా,

ఒక పేజీ నిండా రాసి, పైన ఇంకో నాలుగు వరుసలు రాశావు. నేను లెక్కపెట్టాను. దాచుకుంటాను కూడా.

కిటికీ ఉంది. బస్సులు కడిగే చోటికి తెరుచుకుంటుంది. పొద్దున్న అయిదింటికి గొట్టంతో నీళ్ళు కొడతారు, ఆ చప్పుడుకే లేస్తాను. గదిలో నలుగురం. నట్టమ్మ అనే పేరు ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆరేళ్ళప్పుడు నట్టుని ఉంగరంలా తొడుక్కుని, అది రాక, గంటసేపు సబ్బు నురగలో కూర్చుని ఏడ్చిన కథంతా చెప్పాలి. జోళ్ళు మొదటివారం కరిచాయి, ఇప్పుడు స్నేహం కలిసింది.

వర్క్‌షాపు గోడ మీద ప్రతి పనిముట్టుకీ దాని ఆకారం నల్లరంగుతో గీసి ఉంటుంది. పానా తీస్తే గోడ మీద దాని నీడ మిగులుతుంది. సాయంత్రం ఒక్క నీడ ఖాళీగా ఉన్నా ఎవరినీ ఇంటికి పోనివ్వరు. నీకు నచ్చుతుంది.

నన్ను ఒక పెద్ద ఫిట్టరు కింద వేశారు. అందరూ ఆయన్ని బాబాయ్ అంటారు, నేనూ అంటున్నాను. భారీ మనిషి. మెట్లెక్కలేడు. "మోకాళ్ళు రెండూ ఎప్పుడో రాజీనామా ఇచ్చాయమ్మాయ్, ఆఫీసువాళ్ళకి ఇంకా చెప్పలేదు" అంటాడు. అందుకని కింది అంతస్తులు ఆయనవి, పైవి నావి.

పోయిన వారం ఎనిమిదంతస్తుల ఆసుపత్రిలో స్ట్రెచరు లిఫ్టు చేశాం. నువ్వు అమ్మకి చదివి వినిపిస్తావు కాబట్టి అమ్మ కోసం రాస్తున్నాను. అమ్మా, లిఫ్టు పెట్టె ఊగకుండా అటూ ఇటూ రెండు నిలువు పట్టాలుంటాయి, వాటిని గోడకి పట్టుకుని ఉండేవి క్లాంపులు, ఆ క్లాంపుల్ని పట్టుకుని ఉండేవి బోల్టులు. పై అయిదు అంతస్తుల్లో ఎనభై బోల్టులు నేనే బిగించాను. నాన్నా, అన్నీ నీ పద్ధతే. బిగిసేదాకా లాగి, పానా చివర బెత్తెడు వెనక్కి.

బాబాయ్ కింద నుంచి టార్చి వేసి చూసి, "అదేంటమ్మాయ్, పెట్టినట్టే పెట్టి మళ్ళీ లాక్కుంటున్నావ్?" అన్నాడు.

"మా నాన్న పద్ధతి బాబాయ్. బోల్టుకి ఊపిరాడాలి."

"మా ఆవిడకి చెప్పు ఆ మాట. నాకు ఊపిరాడనిస్తే ఇంకో పదేళ్ళుంటాను" అన్నాడు.

తర్వాత నీ పేరు అడిగాడు. చెప్పగానే టార్చి ఆపేశాడు. నువ్వు చేసిన లిఫ్టుల గురించి ఆయన విన్నాడట. తనిఖీ కాగితం మీద ఎనిమిది అంతస్తులకీ కలిపి సంతకం పెట్టేశాడు. "ఆయన కూతురి చేతి పని నేను పైకెక్కి చూడాలా" అన్నాడు. ఆ రోజంతా నేను నేల మీద నడవలేదు.

అమ్మకి ముద్దులు. నీకు అవి ఇష్టం ఉండవు కాబట్టి నమస్కారం.

నీ అమ్మాయి

*

మార్చి 20

నట్టమ్మకి,

ఉత్తరం అందింది. బాగుంది. గోడ మీద నీడలు గీసే ఏర్పాటు చాలా బాగుంది. మా దగ్గర పెట్టమని చెప్పాను, రంగు లేదన్నారు.

ఒక సంగతి. ఇప్పుడొచ్చే బోల్టులు వేరు. ఉక్కు వేరు, మరలు వేరు. వాటికి బెత్తెడు వెనక్కి అక్కర్లేదు. బిగిసిన చోట వదిలెయ్. ఆసుపత్రిలో చేసినవి కూడా వీలు చూసుకుని ఒకసారి పైకెళ్ళి మళ్ళీ బిగించు. తొందరేం లేదు కానీ చెయ్యి.

ఇక్కడ గాలి ఎక్కువగా ఉంది. రెండు రోజులు కరెంటు లేదు. ఒక ఇంటి లిఫ్టులో ఒక ముసలాయనా ఆయన పక్కింటాయనా గంటన్నర ఇరుక్కున్నారు. ఆరేళ్ళుగా మాటల్లేవట వాళ్ళకి. నేను తలుపు తెరిచేసరికి లోపల పోట్లాడుకుంటున్నారు. మాటలైతే కలిశాయి.

మీ అమ్మ కుట్టుమిషను నూనె అడిగితే నా లిఫ్టు నూనె ఇచ్చాను. ఇప్పుడు జాకెట్లన్నీ మరకలు. నాతో మాట్లాడటం లేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

బోల్టుల సంగతి మర్చిపోకు.

నాన్న

*

మార్చి 31

నాన్నా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చిన్నప్పుడు నువ్వు నాకు కావాలని తప్పు కొలత చెప్పి, నేను పట్టుకుంటానా లేదా అని చూసేవాడివి. పదమూడో నంబరు పానా అడిగితే పద్నాలుగు ఇచ్చేవాడివి. ఇదీ అలాంటిదేనని అర్థమైంది. సరే, పట్టుకున్నాను. ఎవరేం చెప్పినా చేతికి తెలిసింది వదలకూడదు. అంతేగా?

ఎందుకంటే సరిగ్గా అదే వారం సూపర్‌వైజరు నన్ను పట్టుకున్నాడు. ఒక అపార్టుమెంటులో నేను బెత్తెడు వెనక్కి తిప్పడం చూసి, "ఏ పుస్తకంలో ఉంది ఇది?" అన్నాడు.

"పుస్తకంలో లేదు సార్. మా నాన్న ముప్ఫై ఏళ్ళుగా ఇలాగే చేస్తున్నాడు. ఆయన బిగించిన బోల్టు ఒక్కటి వదులైందని చూపించండి, మానేస్తాను."

"మీ నాన్నని నేనెరుగుదును. ఆయన దగ్గర ఆ మాట అనే ధైర్యం నాకు లేదు" అని వెళ్ళిపోయాడు. బిగువు కొలిచే పానా ఒకటి ఆయన బీరువాలో ఉంటుంది, తాళం వేసి. దాన్ని కూడా తియ్యలేదు. బాబాయ్ నా వీపు తట్టి, "మీ నాన్న ఇక్కడ లేకుండానే అందరి నోళ్ళూ బిగించేశాడు" అన్నాడు.

నాతో చేరినవాళ్ళలో ఇద్దరు ఇప్పుడు నన్ను చూసి అలాగే చేస్తున్నారు. నన్ను బెత్తెడమ్మ అంటున్నారు. ఇంకో పేరు వచ్చింది చూడు.

కాలేజీ లైబ్రరీ, గుడ్డల గిడ్డంగి, ఆ అపార్టుమెంటు, అన్నిట్లోనూ పట్టాలు నేనే చేశాను. ఆసుపత్రి లిఫ్టు కాస్త గరగరమంటోందట. రోలర్లకి నూనె సరిపోలేదని బాబాయ్ అన్నాడు. ఈసారి అమ్మ నూనె ఇస్తాను.

నీ పరీక్షలో నెగ్గిన
అమ్మాయి

*

ఏప్రిల్ 12

అమ్మాయికి,

నేను నీకు పరీక్ష పెట్టలేదు. బెత్తెడు వెనక్కి తిప్పడం మానెయ్ అన్నాను. మానెయ్. ఇదివరకు చేసినవి మళ్ళీ బిగించు. ఎందుకు అని అడగకు. చెప్పినట్టు చెయ్యి.

ఈ ఉత్తరం ఆరో తారీఖునే రాయడం మొదలుపెట్టాను. చించేశాను. మళ్ళీ రాశాను. ఇదే మిగిలింది.

మీ సూపర్‌వైజరుతో నా గురించి అలా మాట్లాడాల్సింది కాదు. నా గురించి ఎవరితోనూ అంత గొప్పగా చెప్పకు.

నాన్న

*

ఏప్రిల్ 24

నాన్నా,

నీ ఉత్తరం అందినరోజు నాకు చాలా కోపం వచ్చింది. సంతకానికి పదకొండు రోజులు ఎందుకు తీసుకున్నావో తెలిసిందనుకున్నాను. నీ పని నేను చెయ్యడం నీకు ఇష్టం లేదు. నీ పద్ధతి నా చేతికి రావడం అంతకన్నా ఇష్టం లేదు. ఇలా అనుకుని జవాబు రాయలేదు. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

శనివారం పొద్దున్న పదకొండింటికి ఆసుపత్రి లిఫ్టు అయిదుకీ ఆరుకీ మధ్య ఆగిపోయింది. ముందు ఒక్క కుదుపు ఇచ్చి పక్కకి ఒరిగింది. లోపల స్ట్రెచరు మీద ఒక ఆవిడ, పక్కన వార్డు అటెండరు. స్ట్రెచరు జారి అటెండరు చెయ్యి గోడకీ దానికీ మధ్య నలిగింది. మణికట్టు ఎముక విరిగింది. స్ట్రెచరు మీద ఆవిడకి ఏం కాలేదు. నలభై నిమిషాలు పట్టింది బయటికి తీయడానికి. ఆ నలభై నిమిషాలూ అటెండరు తన చెయ్యి సంగతి చెప్పకుండా ఆ రోగికి కబుర్లు చెబుతూ కూర్చుందట.

ఆరో అంతస్తులో ఎడమ పట్టా క్లాంపు జారింది.

తనిఖీ కాగితం మీద సంతకం బాబాయ్‌ది. ఆయన్ని పనిలోంచి ఆపేశారు. మే తొమ్మిదిన విచారణ. నన్ను పిలిచి అడిగారు. నేను నిజమే చెప్పాను. "పైవి మా నాన్న పద్ధతిలో బిగించాను, అవి వదులవ్వవు. కింది అంతస్తుల్లో ఏదైనా సరిగ్గా పట్టకపోతే ఆ కుదుపు పైకొస్తుంది" అన్నాను. రాసుకున్నారు. నేను సంతకం పెట్టాను. కింది అంతస్తులు ఎవరివో నేను చెప్పలేదు. అందరికీ తెలుసు.

బాబాయ్ వెళ్తూ తన పానాని గోడ మీద దాని నీడలో పెట్టి, నా వైపు చూసి, "ఏమోనమ్మా, నావే అయ్యుంటాయి. మోకాళ్ళు నొప్పెడుతుంటే సరిగ్గా వంగి చూడలేదేమో" అన్నాడు. తనని తనే అనుమానించుకుంటున్నాడు.

నాన్నా, నేను అబద్ధం చెప్పలేదు కదా? నువ్వు ఒక్కమాట రాస్తే చాలు.

నీ అమ్మాయి

*

ఏప్రిల్ 30

నట్టమ్మకి,

తప్పు ఆయనది కాదు. నీది కూడా కాదు. నాది. మొత్తం రాస్తాను. మధ్యలో ఆపకుండా చదువు.

ఇరవై మూడేళ్ళ కిందట, నీకు ఇంకా మాటలు రాని రోజుల్లో, ఒక మిషను గదిలో నాకు షాకు కొట్టింది. మెయిన్ ఆపానని అనుకున్నాను, పక్కది ఆపాను. కుడిచెయ్యి కాలింది. పదిహేను రోజుల్లో మానింది. బొటనవేలూ చిటికెనవేలూ బాగున్నాయి. మధ్య మూడు వేళ్ళకి స్పర్శ తిరిగి రాలేదు. ఇప్పటికీ లేదు. అవి కదులుతాయి, పట్టుకుంటాయి, ఏం పట్టుకున్నాయో నాకు చెప్పవు.

కంపెనీ డాక్టరు ముందు అన్నీ బాగున్నాయని చెప్పాను. చెప్పకపోతే లిఫ్టు దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. నాకు ఇంకో పని రాదు. ఆ రోజు చిట్టాలో "చెయ్యి పర్వాలేదు" అని రాశాను. ఆ పుస్తకంలో నేను రాసిన మొదటి అబద్ధం అది.

బోల్టు బిగిసే ఆఖరి క్షణం చేతికి తెలుస్తుంది. నీకు తెలుసు అది ఎలా ఉంటుందో. నాకు తెలియడం మానేసింది. ఎక్కడ ఆపాలో తెలియక ఒంటి బరువంతా వేసి, పానా ఇక కదలనంతవరకూ లాగేవాణ్ణి. మొదటి నెలలో మూడు బోల్టులు తెగాయి. అప్పుడు పెరట్లో ఒక ఇనుప చట్రం బిగించుకుని, అడిగి తెచ్చుకున్న కొలత పానాతో రెండు నెలలు చూశాను. నేను అంత గట్టిగా లాగి, బెత్తెడు వెనక్కి తెస్తే, మామూలు మనిషి చెయ్యి ఆగే చోటికి వస్తుంది. అదీ పద్ధతి. అది బోల్టు కోసం కాదు. నా చేతి కోసం.

నీ చెయ్యి మంచిది. అది సరిగ్గా ఆగాల్సిన చోటే ఆగుతుంది. అక్కణ్ణుంచి బెత్తెడు వెనక్కి తెస్తే వదులు. నువ్వు బిగించిన ప్రతి బోల్టూ వదులే.

పదకొండేళ్ళప్పుడు సెలవుల్లో నాతో వచ్చేదానివి. ధాన్యం గోదాములో అడిగావు, "ఎందుకు నాన్నా మళ్ళీ వెనక్కి?" అని. పక్కన ఇద్దరు పనివాళ్ళున్నారు. "బోల్టుకి ఊపిరాడాలి" అన్నాను. నోటికొచ్చింది చెప్పాను. వాళ్ళు నవ్వారు. నువ్వు నవ్వలేదు. బుద్ధిగా తల ఊపావు. దారిలోనో, ఇంటికొచ్చాకనో అసలు సంగతి చెప్పాల్సింది. నువ్వు ఈ పనిలోకి వస్తావని అప్పుడు అనుకోలేదు. వస్తానన్నాక చెప్పాల్సింది. పదకొండు రోజులు అదే ఆలోచించాను. చెప్పలేక సంతకం పెట్టాను.

నీ మార్చి ఉత్తరంలో ఎనభై బోల్టుల సంగతి ఉన్న చోటు మీ అమ్మకి చదవకుండా దాటేశాను. తనకి తెలుసు నా వేళ్ళ సంగతి, బెత్తెడు వెనక్కి ఎందుకో కూడా. ఇరవై మూడేళ్ళుగా నా చొక్కా గుండీలు తనే పెడుతోంది. నువ్వు మమ్మల్ని ఆట పట్టించేదానివి, ఇంత వయసొచ్చినా ఈ ముద్దులేంటని. ఆ ఉత్తరం వినివుంటే ఆవిడ ఆ రోజే నిన్ను ఫోనులో పిలిచి చెప్పేసేది. నేను మాత్రం బోల్టుల ఉక్కు మారిందని రాశాను. తొందరేం లేదని కూడా రాశాను. లిఫ్టులో మనుషులు ఎక్కుతున్నారని తెలిసి రాశాను.

ఆ అటెండరు మణికట్టుకి నేను జవాబు చెప్పాలి. మీ బాబాయ్ తన మోకాళ్ళ మీద తోసుకుంటున్న నేరం నాది.

ఇందులో ఇంకో కాగితం ఉంది. విచారణ వాళ్ళకి రాసింది. నా సంతకం ఉంది. తొమ్మిదో తారీఖున వాళ్ళ చేతికివ్వు. దానివల్ల నాకేమవుతుందో ఆలోచించకు.

నాన్న

*

మే 10

నాన్నా,

ఉత్తరం అయిదున అందింది. రెండు రోజులు నిన్ను తిట్టుకున్నాను. నిజంగానే తిట్టాను, బస్సులు కడిగే చోటికి వెళ్ళి, ఆ నీళ్ళ చప్పుడులో. తర్వాత నా కుడిచెయ్యి మధ్య మూడు వేళ్ళకి గుడ్డ చుట్టుకుని ఒక బోల్టు బిగించి చూశాను. ఒక్క బోల్టుకే భయం వేసింది. నువ్వు ఇరవై మూడేళ్ళు అలా చేశావు.

నిన్న విచారణ అయింది. కొలత పానాతో ఆరో అంతస్తు బోల్టులు చూసి వచ్చారు, అన్నీ వదులే. నేను లేచి, "పైవి నావి. ఆ రోజు సాయంత్రం తొందరలో సరిగ్గా బిగించలేదు. ముందు చెప్పింది తప్పు" అన్నాను. బాబాయ్‌ని మళ్ళీ పనిలోకి తీసుకున్నారు, చూడకుండా సంతకం పెట్టినందుకు హెచ్చరిక రాసి. నా శిక్షణ ఆరు నెలలు పొడిగించారు. నిర్లక్ష్యం అని రాశారు. అటెండరు చేతికి కట్టు ఇంకా నెల ఉంటుందట. చూడ్డానికి వెళ్ళాను. నేనెవరో చెప్పలేకపోయాను. ఆఫీసు మనిషిననుకుని టీ ఇప్పించింది.

నీ కాగితం ఇవ్వలేదు. నా పెట్టెలో అడుగున ఉంది. ఎవరూ చూడరు. నీకు ఇంకా నాలుగేళ్ళ సర్వీసు ఉంది. నువ్వు బిగించినవి సరిగ్గానే ఉన్నాయి కదా, మరి ఎవరికి నష్టం?

మిగతా మూడు చోట్లా ఉన్నవాటి గురించి కంగారు పడకు. ఆసుపత్రిలో ఆ ఒక్కరోజే తప్పు చేశానని చెప్పాను కాబట్టి అవి ఎవరూ చూడరు. నేనే ఆదివారాలు వెళ్ళి బిగిస్తాను. మొన్న ఆదివారం అపార్టుమెంటు అయిపోయింది. లైబ్రరీ, గిడ్డంగి ఉన్నాయి. అపార్టుమెంటు వాచ్‌మన్ "సెలవు రోజు కూడా వస్తున్నావంటే ఎంత శ్రద్ధమ్మా నీకు" అన్నాడు. తల దించుకుని పానా తుడుచుకున్నాను.

బాబాయ్ నాతో మాట్లాడటం లేదు. కోపంగా కూడా లేడు. అదే కష్టంగా ఉంది.

అమ్మకి ఏమీ చెప్పకు.

నీ అమ్మాయి

*

మే 16

నట్టమ్మకి,

నువ్వు విచారణలో నిలబడ్డ తొమ్మిదో తారీఖునే నేను మా ఆఫీసుకి వెళ్ళాను. నీ ఉత్తరం అప్పటికి రాలేదు. నువ్వు నా కాగితం ఇచ్చి ఉంటావని, ఎలాగూ కబురు ఇక్కడికి చేరుతుందని, అంతకన్నా ముందు నా నోటితో చెబుదామని వెళ్ళాను. ధైర్యం అనుకోకు. వేరే దారి లేదనుకుని వెళ్ళాను.

చెప్పగానే డాక్టరు దగ్గరికి పంపారు. ఆయన నన్ను కళ్ళు మూసుకోమని వేళ్ళని సూదితో గుచ్చాడు. "ఇప్పుడు తెలుస్తోందా?" లేదన్నాను. "ఇప్పుడు?" లేదు. "ఇప్పుడు?" అది చిటికెనవేలు, తెలిసింది. కళ్ళు తెరిచేసరికి మూడు వేళ్ళ మీదా రక్తపు చుక్కలున్నాయి. నన్ను సామాన్ల స్టోరులో కూర్చోబెట్టారు. నేను చేసిన లిఫ్టులన్నీ ఇంకొకరు చూస్తున్నారు. చూడనీ. బాగున్నాయని తెలిసినా చూడటమే న్యాయం.

ఇప్పుడు నీ సంగతి. నీ ఉత్తరం చదివి నాకు కృతజ్ఞత కలగాలి. సిగ్గు కలిగింది. ఉద్యోగం పోతుందని దాచడం, ఒక్కదానివే వెళ్ళి ఎవరికీ తెలియకుండా సరిచేసుకోవడం, అడిగినవాడి ముందు తల దించుకోవడం. బోల్టు సంగతి పొరపాటున నేర్పాను. ఇది కూడా నేర్పానని నాకు తెలియదు. ఇరవై మూడేళ్ళు మన ఇంట్లో ఇదే చూశావు.

ఎవరికి నష్టం అని అడిగావు. రేపు లైబ్రరీ లిఫ్టు ఎక్కేవాళ్ళకి. ఆదివారానికి ఇంకా ఎన్ని రోజులుందో చూడు. నిన్ను చూసి బెత్తెడు వెనక్కి తిప్పుతున్నారని రాశావే, ఆ ఇద్దరూ నిన్న ఎక్కడ, ఇవాళ ఎక్కడ పని చేశారో నీకు తెలుసా? వాళ్ళకి నువ్వు ఇంకా చెప్పలేదు. చెబితే ఎందుకో చెప్పాలి కాబట్టి చెప్పలేదు. నేను పదమూడేళ్ళు నీకు చెప్పని కారణం కూడా అదే.

ఈ ఉత్తరం అందిన గంటలో సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళు. ఆ రెండు లిఫ్టులూ ఆపించు. నా కాగితం ఇవ్వు. ఆ ఇద్దరినీ పక్కన నిలబెట్టుకుని ఇవ్వు. నిన్ను తీసేస్తే తీసేయనీ. తీసేయరనుకుంటాను. తప్పుగా నేర్చుకున్నదానికీ నిర్లక్ష్యానికీ తేడా వాళ్ళకి తెలుస్తుంది.

మీ అమ్మకి అంతా చదివి వినిపించాను, ఈసారి ఏమీ దాటకుండా. నా చొక్కా పై గుండీ పెట్టింది. తర్వాత, "నేనూ నోరు మూసుకునే ఉన్నాగా" అంది.

ఇరవై ఏడో తారీఖు మధ్యాహ్నం బండికి వస్తున్నాను. ముందు ఆ అటెండరు దగ్గరికి, తర్వాత మీ బాబాయ్ ఇంటికి. ఆయన తలుపు నేనే కొడతాను. నువ్వు బయట ఉండు.

నాన్న

*

మే 21

నాన్నా,

ఉత్తరం ఇవాళ పొద్దున్న తొమ్మిదిన్నరకి అందింది. పదింటికి సూపర్‌వైజరు గదిలో ఉన్నాను. పదకొండుకల్లా రెండు లిఫ్టులూ ఆపారు. ఆ ఇద్దరూ చేసినవి ఇంకో మూడున్నాయి, అవీ ఆపారు. అయిదు చోట్ల జనం మెట్లెక్కుతున్నారు. అందరూ నన్నే తిట్టుకుంటున్నట్టుంది.

లైబ్రరీ నాలుగో అంతస్తులో ఒక బోల్టు పానా పెట్టకుండా, ఉత్త వేళ్ళతో తిప్పితే వచ్చేసింది. దాన్ని చేతిలో పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. కింద పిల్లలు పుస్తకాలు పట్టుకుని లిఫ్టు ఎప్పుడొస్తుందని అడుగుతున్నారు.

నన్నేం చేస్తారో సోమవారం చెబుతామన్నారు. పానా మాత్రం తీసుకున్నారు. గోడ మీద నా పానా చోటు ఇప్పుడు నిండుగానే ఉంది, తీసే అనుమతి నాకు లేదు.

నీ కాగితం బాబాయ్‌కి కూడా చదవడానికిచ్చారు. ఆయన అద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివాడు. విచారణ తర్వాత మొదటిసారి నాతో మాట్లాడాడు. "నేను పైకెక్కి ఒక్క బోల్టు పట్టుకుని చూసుంటే చాలు కదమ్మా. ఆయనొక్కడే ఎందుకు మోస్తున్నాడు ఇదంతా" అన్నాడు. నువ్వు వస్తున్నావని చెప్పాను. చాలాసేపు కాగితం మడతపెట్టాడు.

"ఎందుకు రావడం. నా ముందు నిలబడి ఆయన చెప్పేదేముంటుంది, నేను వినేదేముంటుంది. ఇద్దరికీ తల కొట్టేసినట్టుంటుంది. రావద్దని రాయి" అన్నాడు.

ఆయన చెప్పాడు కాబట్టి రాశాను. నువ్వు రా.

అమ్మాయి